అమృత శబ్దార్థ విచారం





అర్చకుని నోటి నుండి దినమునకు ఎన్ని పర్యాయములు ‘అమృత’ శబ్దం వెలువడుతుందో లెక్క పెట్టినవారు లేరు. ప్రాతఃకాలంలో స్వామికి పంచామృతాభిషేకం. మధ్యాహ్నం భోజనానికి ముందు, తరువాత పట్టే ఔపోశనంలో, అన్నానికి క్రింద పరుపుగాను పైన మూతగాను భావించే ఆ నీటికి అమృతమనే పేరు. మృత్యుంజయ మంత్రంలో చిట్టచివరి పదం అమృతమే. నలభై సంవత్సరాలుగా ఈ శబ్దాన్ని ఉచ్చరిస్తున్న నేను, దాని అర్థాన్ని నిజంగా విచారించినది మాత్రం ఒక తల్లి నన్ను ప్రశ్నించిన తరువాతనే.

వేములవాడలో శ్రీ రాజరాజేశ్వర స్వామి సన్నిధికి అనతిదూరంలో ఉన్న ఒక చిన్న ఆలయంలో నాది అర్చకత్వం. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక సోమవారం సాయంకాలం, యాత్రికుల సమ్మర్దం తగ్గిన వేళ, బాల్యం నుండి నాకు తెలిసిన ఒక రైతు కుటుంబపు ఇల్లాలు వచ్చింది. ఆమె ఏకైక కుమారుడు పంతొమ్మిదేండ్ల ప్రాయంలో విషజ్వరంతో మరణించి అప్పటికి మూడు మాసాలు. అలవాటు చొప్పున నేను తీర్థం ఇస్తూ శ్లోకం చెప్పాను. అకాల మృత్యువును హరిస్తుందనీ, సర్వ వ్యాధులనూ నివారిస్తుందనీ దాని భావమని మీకందరికీ తెలిసినదే. ఆమె చేయి చాపి తీర్థం పుచ్చుకొన్నది గాని నోట పోసుకోలేదు. అరచేతిలోని నీటిని చూస్తూ అడిగింది.

“అయ్యగారూ, మా పిలగానికి సుత చిన్నప్పటి సంది మీ చేతితోనే ఈ తీర్థం పోస్తిరి గదా. మరి ఈ అమృతం వానికెందుకు పనిచెయ్యలే?”

నాకు సమాధానం దొరకలేదు. ప్రారబ్ధమని అనవచ్చును, ఈశ్వరేచ్ఛ అనవచ్చును. ఆ రెండు మాటలూ అసత్యాలు కావు. కాని ఆమె అడిగినది కర్మ సిద్ధాంతాన్ని గురించి కాదు; నేను పలికిన ఒక పదాన్ని గురించి. పలికినవానికి ఆ పదార్థం తెలిసి ఉండాలి కదా. “అమ్మా, నాకు తెలియదు” అన్నాను. ఆమె తీర్థం శిరస్సున చల్లుకొని వెళ్ళిపోయింది. ఈ వ్యాసం ఆ రోజు మొదలైన విచారణ.

ధాతువు చెప్పే అర్థం

అమృత శబ్దానికి మూలం ‘మృ’ ధాతువు. ధాతుపాఠం దీనికి ‘ప్రాణత్యాగం’ అని అర్థం చెప్పింది. మృతం, మరణం, మృత్యువు, మర్త్యుడు అన్నీ ఈ ధాతువు నుండి పుట్టినవే. మృతం కానిది అమృతం. దేనివలన మృతి లేకుండునో అది అమృతం. ఈ రెండు విధాలుగానూ విగ్రహవాక్యం చెబుతారు. ధాత్వర్థంలో ‘త్యాగ’ శబ్దం ఉన్నదన్న సంగతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవలసినదిగా ప్రార్థన. చివరకు మనం తిరిగి వచ్చేది అక్కడికే.

వేదంలో అమృత శబ్దం ఒకే వస్తువునకు కట్టుబడి లేదు. దేవతలు అమృతులు. సోమరసం అమృతం. ఋగ్వేద ప్రథమ మండలంలోని ఒక ఋక్కు జలములలో అమృతం ఉన్నదనీ, జలములలో ఔషధం ఉన్నదనీ చెప్పింది. పంచమ మండలంలో అత్రి గోత్రజుడైన ఋషి, సంతానం ద్వారా తాను అమృతత్వాన్ని పొందాలని అగ్నిని ప్రార్థించాడు. మర్త్యుడైన తండ్రి కుమారునిలో తిరిగి పుడతాడు, అదే మర్త్యునికి అమృతం అన్న భావం బ్రాహ్మణ గ్రంథాలలోనూ కలదు. ఇది చదివినప్పుడు నాకు ఆ తల్లి ముఖమే కనిపించింది. ఆమెకు ఈ ద్వారం మూతపడినది.

అమరకోశం తెరిచితే ఆశ్చర్యం కలుగుతుంది. స్వర్గవర్గంలో పీయూషం, అమృతం, సుధ అని దేవతల పానానికి పేర్లు చెప్పిన అమరసింహుడే, నీటి పేర్లలోనూ అమృతాన్ని చేర్చాడు. ఓషధులలో తిప్పతీగ అమృత, కరక్కాయ అమృత, ఉసిరిక అమృత. జీవనవృత్తులను చెప్పేచోట మరొక విశేషం ఉన్నది. యాచించి తెచ్చుకొన్నది మృతమట; యాచించకుండానే లభించినది అమృతమట. మనుధర్మశాస్త్రమూ ఇదే భేదాన్ని చెప్పింది. అడిగించుకొని ఇచ్చినదానిలో మృత్యువు ఉన్నది, అడగకముందే అందినదానిలో అమృతం ఉన్నది అని మన పూర్వులు ఎంచినారు. బాల్యంలో గురువుగారి వద్ద కంఠస్థం చేసిన ఈ పంక్తిలోని గాంభీర్యం నాకు యాభైయేండ్లు దాటిన తరువాతనే తెలిసింది.

యవనుల నెక్టార్

పాశ్చాత్య దేశాలలో పూదేనెను నెక్టార్ అంటారు. ఇది యవన భాషా పదం. హోమర్ మహాకవి కావ్యాలలో దేవతల పానీయం నెక్టార్, వారి ఆహారం ఆంబ్రోసియా. రెండవ పదం మన అమృత శబ్దానికి తోబుట్టువు. నిషేధార్థకమైన ‘అ’కారం, దాని వెనుక మరణార్థకమైన ధాతువు, కూర్పు అంతా ఒక్కటే. మొదటి పదాన్ని భాషావేత్తలు పలువురు రెండు భాగాలుగా విడదీస్తారు: ‘నెక్’ అంటే మృత్యువు, ‘తర్’ అంటే దాటించునది. మన ‘నశ్’ ధాతువు, ‘తౄ’ ధాతువు వీనికి సోదరులు. నాశం, తరణం అన్న మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే సంస్కృతం వచ్చినవారికి వేరే వివరణ అవసరం లేదు. నెక్టార్ అంటే మృత్యుతారకం.

అదే విధంగా మన ‘మధు’ శబ్దానికి యవన భాషలో ‘మెథు’, ఐరోపా భాషలలో ‘మీడ్’, ‘మ్యోద్’ అన్న బంధువులు ఉన్నారు. తెలుగు ‘తేనె’ మాత్రం ద్రావిడ కుటుంబానిది. తమిళ, మలయాళాలలో ‘తేన్’, కన్నడంలో ‘జేను’. ఇన్ని జాతులు ఈ తీపిని తమ తమ ప్రాచీన శబ్దాలతో నేటికీ పిలుచుకొంటున్నవి.

హోమర్ ఇలియడ్ కావ్యంలో ఒక ఘట్టం ఉన్నది. అకిలీస్ అనే వీరుని ప్రాణమిత్రుడు యుద్ధంలో హతుడైనాడు. అకిలీస్ తల్లియైన థెటిస్ దేవత ఆ మృతదేహంలోనికి నాసికారంధ్రాల ద్వారా ఆంబ్రోసియానూ, ఎర్రని నెక్టార్‌నూ బిందువులుగా పోసింది. ఫలితం ఏమిటి? దేహం చెడలేదు, అంతే. ప్రాణం తిరిగి రాలేదు. ఆ దేవత తన సొంత కుమారుణ్ణి కూడా మృత్యువు నుండి కాపాడుకోలేకపోయింది. అమృతభాండం ఇంటనే ఉన్న తల్లికి సైతం పుత్రశోకం తప్పలేదని యవనులు చెప్పుకొన్నారు. దేహాన్ని నిలపడం వేరు, మృత్యువును దాటడం వేరు అన్న వివేకం వారికీ ఉన్నదని దీనివలన గ్రహించవచ్చు.

ప్రకృతిలో అమృతం

దేవతల పానీయానికి గల ఈ యవన నామం పూవులోని తీపి ద్రవానికి అన్వయించి సుమారు 400 సంవత్సరాలు మాత్రమే అయినది. 18వ శతాబ్దంలో స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు పూవులో ఆ ద్రవం ఊరే స్థానానికి ‘నెక్టేరియం’ అని శాస్త్రీయ నామం ఇచ్చాడు. అది ఎందుకు ఊరుతున్నదన్న ప్రశ్నకు జర్మనీ దేశీయుడైన స్ప్రెంగెల్ 1793లో ప్రకటించిన గ్రంథంలో సమాధానం చెప్పాడు: పూవు తన రసాన్ని కీటకాల కొరకే ఉంచుతుంది; దానికై వచ్చిన కీటకం తెలియకుండానే పుప్పొడిని ఒక పూవు నుండి మరొక పూవుకు చేరుస్తుంది.

మన భాషలో ఆ రసం మకరందం. అమరకోశం దానిని పుష్పరసమని చెప్పి, పరాగాన్ని వేరుగా చెప్పింది. చెట్టు ఆకులలో సూర్యరశ్మితో తయారైన చక్కెర, రసనాళాల ద్వారా పూవు అడుగున ఉన్న గ్రంథులకు చేరి అక్కడ మకరందమై ఊరుతుంది. చెట్టు దానిని వేరుకు పంపి దాచుకోవచ్చును, కొమ్మకు పంపి పెరగవచ్చును. ఆ రెండూ చేస్తూనే కొంత భాగాన్ని పూవు అంచున నిలిపి, వచ్చినవాడెవడో తెలియకుండానే ఇస్తుంది. పూవు ఒకటి రెండు దినాలలో రాలిపోతుంది. ఆ వచ్చిన తుమ్మెద మోసిన పుప్పొడి వలన కాయ, కాయలో విత్తు, విత్తులో వృక్షం నిలుస్తాయి. పూవుకు మరణం తప్పలేదు గాని, పూవు వలన వృక్షజాతికి మరణం తప్పినది.

ఇది వట్టి త్యాగం కాదు, పరస్పర వ్యవహారమని విజ్ఞానులు అంటారు. అది నిజమే. బృహదారణ్యకోపనిషత్తులోని మధుబ్రాహ్మణం ఆ పరస్పరతనే బ్రహ్మవిద్యగా ఉపదేశించింది. ఈ పృథివి సర్వ భూతాలకూ మధువు, సర్వ భూతాలూ ఈ పృథివికి మధువు అని ఆరంభించి, జలం, అగ్ని, వాయువు, ఆదిత్యుడు, ధర్మం, సత్యం వరకూ ఇదే సంబంధాన్ని ఒక్కొక్కటిగా చెప్పి, అన్నింటిలోనూ ఉన్న తేజోమయుడైన అమృతమయ పురుషుడు ఒక్కడే అని నిరూపించింది. దధ్యఙ్ఙాథర్వణ మహర్షి ఈ విద్యను అశ్వినీ దేవతలకు ఉపదేశించినందుకు తన శిరస్సునే పణంగా పెట్టవలసి వచ్చిందన్న కథ ప్రసిద్ధమైనది.

తేనెటీగ చేసే పని మరింత ఆలోచింపదగినది. మకరందంలో అధిక భాగం నీరు. ఈగ దానిని తన ఉదరంలోని ప్రత్యేక కోశంలో మోసుకువచ్చి, తన లాలారసంతో చక్కెరను విడగొట్టి, తెట్టెలో ఉంచి, రెక్కలతో విసరి నీటిని ఆవిరి చేస్తుంది. నీరు నూటికి సుమారు 18 పాళ్లకు తగ్గిన పిమ్మట ఆ గదిని మైనంతో మూసివేస్తుంది. అప్పుడది తేనె. పంచామృతాలలో పాలు ఒక పూటలో విరుగుతాయి, పెరుగు పులుస్తుంది, నెయ్యి కొంతకాలానికి కమరుతుంది. తేనె మాత్రం నిప్పు సోకకుండానే ఏండ్ల తరబడి చెడక నిలుస్తుంది. పంచామృతాలలో అమృత నామం స్వభావసిద్ధంగా చెల్లేది దీనికే. అయితే ఆ తేనెను కూర్చిన శ్రామిక తేనెటీగ ఆయుర్దాయం పూలకాలంలో సుమారు 6 వారాలు. జీవితమంతా శ్రమించి అది కూర్చేది ఒక చిన్న చెంచాలో 12వ వంతు ఉంటుందని చెబుతారు. చెడని పదార్థాన్ని కూర్చినది ఆరు వారాలలో రాలిపోయే జీవి. అది కూర్చిన తేనెను తినేది దాని తరువాత పుట్టిన ఈగలు.

ఛాందోగ్యంలో ఉద్దాలక మహర్షి శ్వేతకేతువుకు ఈ దృష్టాంతమే చెప్పాడు. నానా వృక్షాల రసాలు తేనెలో ఒక్కటైన పిదప, నేను ఈ చెట్టు రసాన్ని, నేను ఆ చెట్టు రసాన్ని అన్న భేదజ్ఞానం వాటికి ఉండదు. జీవులు సత్తులో లీనమైనప్పుడూ ఇంతే.

మన ఉత్తర తెలంగాణ మండలంలో ఈ సంగతి పుస్తకం లేకుండానే నేర్చుకోవచ్చు. ఆదిలాబాదు అడవులలో ఇప్పచెట్టు ఉన్నది. సంస్కృతంలో దాని పేరు మధూకం, గుడపుష్పం; మధు శబ్దం నుండే ఆ పేరు వచ్చినది. ఫాల్గుణ చైత్రాలలో రాత్రివేళ పూచే ఆ పూలు తెల్లవారుజామున వాటంతట అవే నేల రాలుతాయి. రాత్రి గబ్బిలాలు వచ్చి వాటి తీపిని అనుభవించి పరాగాన్ని చేరవేస్తాయి. ఉదయం గోండు, కోలాము కుటుంబాల స్త్రీలు, పిల్లలు బుట్టలతో వచ్చి ఏరుకొంటారు. కోయనక్కరలేదు, కొమ్మ వంచనక్కరలేదు. అయాచితంగా లభించినదే అమృతమన్న స్మృతివాక్యానికి ఇంతకంటె ప్రత్యక్ష ప్రమాణం నాకు కనిపించలేదు. ఆ చెట్టును గిరిజనులు దైవంగా భావించి నరకరు. ఉట్నూరు ప్రాంతంలో వారి మహిళలు నేడు ఆ పూవుతో లడ్డూలు చేసి పిల్లల పోషణకు అందిస్తున్నారు.

తిప్పతీగ మరొక ఉదాహరణ. దానికి అమృత అన్న పేరుతో పాటు ఛిన్నరుహ అన్న పేరు కూడా ఉన్నది. అంటే నరికినా మొలిచేది. వేపచెట్టు మీదికి పాకిన తీగను మొదట కోసివేసినా, పైన మిగిలిన కాండం నుండి సన్నని దారపు వేళ్ళు నేల కొరకు దిగుతాయి. ఇంకొకటి పీయూషం. ఈ పదానికి అమృతమన్న అర్థంతో పాటు, ఈనిన ఆవు ఇచ్చే తొలిపాలు అన్న అర్థమూ అమరకోశంలో ఉన్నది. మన పల్లెలలో ముర్రుపాలు అంటాము. జున్ను వండేది వాటితోనే. దూడ గర్భంలో ఉండగా తల్లి రక్తంలోని రోగనిరోధక శక్తి దానికి చేరదనీ, పుట్టిన తొలి ఘడియలలో త్రాగే ఆ పాల ద్వారానే చేరుతుందనీ పశువైద్యులు చెబుతారు. రాజన్నకు కోడెను మొక్కుగా కట్టే ఈ క్షేత్రానికి వచ్చే రైతుకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. తల్లి దేహం నుండి బిడ్డకు చేరే మృత్యునివారకానికి అమృతంతో సమానమైన పేరు పెట్టినవారు గోశాలలో నిలబడి చూసినవారే అయి ఉంటారు.

త్రాగినవాడు, మోసినవాడు, విషం స్వీకరించినవాడు

క్షీరసాగర మథన గాథ తెలియనివారు లేరు. అయినా అమృతాన్ని గురించి మన పురాణాలు చెప్పిన మూడు వృత్తాంతాలను ఒకచోట చేర్చి చూడవలసి ఉన్నది.

మొదటివాడు రాహువు. దేవతల పంక్తిలో వేషం మార్చి కూర్చొని అమృతం త్రాగాడు. కంఠం దాటకముందే విష్ణుచక్రం శిరస్సును ఖండించింది. అమృతం సోకిన శిరస్సు చావలేదు. కాని ఆ చావులేనితనం వలన అతనికి ఒనగూడినదేమి? గ్రహణ సమయంలో సూర్యచంద్రులను మ్రింగుతాడు, మ్రింగినది నిలిచే ఉదరం లేదు. అనంతకాలం ఆకలితో ఉండడమే అతని అమరత్వం.

రెండవవాడు గరుత్మంతుడు. 11వ శతాబ్దంలో నన్నయ భట్టారకుడు తెనిగించిన ఆదిపర్వంలో ఈ కథ ఉన్నది. తల్లి వినత దాస్యవిముక్తి కొరకు దేవలోకం నుండి అమృతకలశాన్ని తెచ్చాడు. దారిలో ఒక్క బిందువైనా రుచి చూడలేదు. ఆ నిర్లోభత్వానికి ప్రసన్నుడైన శ్రీ మహావిష్ణువు వరమడగమంటే, అమృతపానం లేకుండానే జరామరణాలు లేకుండా అనుగ్రహించమన్నాడు. తథాస్తు అన్నాడు స్వామి. ఆ కలశాన్ని దర్భల మీద ఉంచగా, ఇంద్రుడు దానిని తిరిగి తీసుకొనిపోయాడు. దర్భలను నాకిన పాముల నాలుకలు చీలినవి. అమృతస్పర్శ కలిగిన దర్భ పవిత్రమైనది. నేటికీ కర్మారంభంలో మేము వేలికి ధరించే పవిత్రం ఆ దర్భయే. త్రాగనివాని చేతి నుండి దిగిన అమృతం గడ్డిపోచను కూడా పావనం చేసిందని దీని తాత్పర్యం.

మూడవవాడు మా వేములవాడ స్వామి. మథనంలో మొదట పుట్టినది అమృతం కాదు, హాలాహలం. దానిని చూచి దేవతలూ రాక్షసులూ పరుగెత్తినారు. శివుడు దానిని స్వీకరించి కంఠంలో నిలిపాడు. ఆ పిమ్మట ఎంతో కాలానికి ధన్వంతరి అమృతకలశంతో వచ్చినప్పుడు ఆ పంక్తిలో శివుడు కూర్చొన్నట్లు కథలో లేదు. విషాన్ని పుచ్చుకొన్నవాడు అమృతంలో భాగం అడగలేదు. కనుకనే అతడు మృత్యుంజయుడైనాడు. అడగనివానికి మనం ప్రతిదినం పంచామృతాలతో అభిషేకం చేస్తున్నాము. ఆ ద్రవ్యంలో ఒక్క చుక్కయైనా ఆయన దాచుకోడు. పానవట్టం నుండి జారి తీర్థమై తిరిగి మన చేతికే వస్తుంది.

ఈ ముగ్గురినీ పక్కపక్కన నిలిపితే అమృత శబ్దార్థం స్పష్టమవుతుంది. తన కొరకు త్రాగినవానికి మొండి శిరస్సు మిగిలింది. ఇతరుల కొరకు మోసినవానికీ, ఇతరుల కొరకు విషం స్వీకరించినవానికీ అమృతత్వం సిద్ధించింది.

వేములవాడలో ఒక వాక్యామృతం

ఈ సత్యాన్ని మా ఊరి చరిత్రలోనూ చూడవచ్చు. నేటి వేములవాడ పేరులో ‘వేము’, అనగా వేప, వినిపిస్తుంది. ప్రాచీన శాసనాలలో దీని పేరు లేంబులవాడ, లేంబులపాటకం. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్య రాజులు ఇక్కడి నుండి పరిపాలించారు. వారిలో రెండవ అరికేసరి ఆస్థానంలో ఉన్న పంప మహాకవి 941లో విక్రమార్జున విజయమనే కన్నడ భారతాన్ని రచించాడు. పంపని సోదరుడు జినవల్లభుడు గంగాధర సమీపంలోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద వేయించిన శాసనంలో సంస్కృత కన్నడాలతో పాటు మూడు తెలుగు కందపద్యాలు ఉన్నవి. తెలుగులో లభించిన తొలినాటి కందాలుగా పండితులు వాటిని గౌరవిస్తారు.

అదే కాలంలో ఆ రాజుల ఆదరాన్ని పొందిన జైనాచార్యుడు సోమదేవసూరి. ఆయన యశస్తిలక చంపువు శకవర్షం 881లో, అనగా 959లో, గంగాధరలో పూర్తయినది. ఆ గంగాధర కరీంనగరు సమీపంలోని నేటి గంగాధరయే అని చరిత్రకారులు గుర్తించారు. వేములవాడలో ఆయన కొరకు శుభధామ జినాలయం వెలసింది. మూడవ అరికేసరి 966లో దానికి ఒక గ్రామాన్ని దానం చేసిన తామ్రశాసనం పర్భణిలో లభించింది. ఆ మహనీయుడు రాజనీతిని సూత్రరూపంలో 32 సముద్దేశాలుగా రచించిన గ్రంథానికి పెట్టిన పేరు నీతివాక్యామృతం.

రాజనీతి గ్రంథానికి అమృతమన్న పేరు ఎందుకు? కోటలు కట్టుట, కోశం నింపుట, శత్రువును భేదించుట అనే విషయాలలో అమృతమెక్కడ ఉన్నది? రాజు నశిస్తాడు, కోశం నశిస్తుంది, వాక్యం నిలుస్తుందని ఆయన భావించి ఉండవచ్చునని నా ఊహ. నిజంగా జరిగినదీ అదే. 973లో రాష్ట్రకూట సామ్రాజ్యం కూలింది. దానితో పాటు వేములవాడ చాళుక్యుల ప్రాభవమూ అస్తమించింది. ఆ రాజభవనాలు ఏ వీధి క్రింద ఉన్నవో చూపగలవారు ఈనాడు లేరు. కాని నీతివాక్యామృతం చదువుతున్నారు, పంప భారతం చదువుతున్నారు, బొమ్మలగుట్ట కందపద్యాలు రాతి మీద నిలిచి ఉన్నవి. తమ కొరకు కట్టుకొన్నది పోయింది. ఇతరుల కొరకు పోషించినది మిగిలింది. శైవక్షేత్ర ప్రభువులు జైనాచార్యుని ఆదరించడం కూడా ఇక్కడ గమనింపదగినది. తేనెటీగ పూవు కులం అడగదు.

త్యాగం

ఇప్పుడు మొదట జ్ఞాపకం ఉంచుకోవలసినదిగా ప్రార్థించిన మాటకు వద్దాము. ‘మృ’ ధాతువుకు అర్థం ప్రాణత్యాగం. మహనీయులు విచ్చేసినప్పుడు పూర్ణకుంభంతో ఎదురేగి మేము పఠించే మంత్రం మీరందరూ విన్నదే. కర్మ వలన కాదు, సంతానం వలన కాదు, ధనం వలన కాదు, త్యాగం చేతనే కొందరు అమృతత్వాన్ని పొందారని దాని భావం. ఆ మంత్రాన్ని వేలమారులు పఠించినాను. ‘సంతానం వలన కాదు’ అన్న మాట నా చెవికి ఎన్నడూ ప్రత్యేకంగా సోకలేదు. పూర్వఋషి సంతానంతో అమృతత్వం కోరుకొన్నాడు. ఉపనిషత్తు అక్కడ ఆగకుండా మరొక మెట్టు ఎక్కినది. సంతానం కలవారికీ లేనివారికీ, కలిగి పోగొట్టుకొన్నవారికీ సమానంగా తెరచి ఉండే ద్వారం ఒక్కటే అని తేల్చింది. మృత్యువు మన వద్ద నుండి బలవంతంగా తీసుకొనేదాన్ని మనమే ముందుగా, అడగకముందే, ఇచ్చివేయడం త్యాగం. అప్పుడు మృత్యువుకు తీసుకొనడానికి మిగిలేది స్వల్పం.

మృత్యుంజయ మంత్రంలోని దోసపండు ఉపమానం కూడా ఇదే చెబుతున్నది. పండిన దోసపండును తొడిమ నుండి ఎవరూ తెంపనక్కరలేదు. పక్వమైన వెంటనే తానే విడివడుతుంది. ఋషి ప్రార్థించినది దేహం శాశ్వతంగా తీగకు అంటుకొని ఉండాలని కాదు. మృత్యువు నుండి విడివడాలి, అమృతత్వం నుండి మాత్రం విడివడరాదు అని. పంతొమ్మిదేండ్లకు రాలినది పండని కాయ అని ఆ తల్లి అనవచ్చును. అది నిజం. దానికి నా వద్ద శాస్త్రం లేదు. పచ్చికాయ రాలిన తీగ మిగిలి ఉన్నప్పుడు, ఆ తీగలోని రసం ఎటు ప్రవహించాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఈ విచారణ ఫలితాన్ని ఆమెకు చెప్పాలని ఎన్నోమార్లు అనుకొన్నాను. చెప్పలేదు. పుత్రశోకంలో ఉన్నవారి ముందు ధాత్వర్థాలు చెప్పడానికి నోరు రాలేదు.

మరుసటి సంవత్సరం మహాశివరాత్రి నాడు, దేవస్థానం వైపు జనం నదివలె కదులుతున్న వేళ, దారి పక్కన ఒక వేపచెట్టు నీడలో ఒక చలివేంద్రం కనిపించింది. పది పదిహేను మట్టికుండలు, వాటి మీద తడిగుడ్డలు. ఆ కుండల వెనుక ఆమె కూర్చొని ఉన్నది. ఎవరి పేరూ అక్కడ వ్రాసి లేదు. మూట నెత్తిన పెట్టుకొని, కోడెను పట్టుకొని నడిచి వస్తున్న ప్రతివారినీ వారు అడగకముందే పిలుస్తున్నది. “రా బిడ్డా, నీళ్లు తాగి పో.” వారిలో చాలామంది పంతొమ్మిది, ఇరవై ఏండ్ల పిల్లలు.

నీటికి అమృతమని పేరు. అయాచితానికి అమృతమని పేరు. ఈ రెండూ కలిసి ఉన్నచోట ఆమె కూర్చొని ఉన్నది. అమరకోశం ఆమె చదవలేదు.

ఆమె దుఃఖం తీరిందని నేను చెప్పను. కన్నులలో అది అలాగే ఉన్నది. నన్ను చూసి లేచి, “అయ్యగారూ, ఎండబడి వచ్చినట్టున్నరు, జర తాగుండ్రి” అని ముంతతో నీళ్లు ముంచింది. నేను కుడిచేయి దోసిలి పట్టాను. ఇన్నేండ్లు తీర్థం ఇచ్చిన చేయి ఆనాడు తీర్థం పుచ్చుకొన్నది.

స్వస్తి.